రెండు చుక్కలు ఎక్కువ

ఆ ఎండాకాలం మా ఆయన నోట ఒక్క మాటే మిగిలింది. "అదే."

నీళ్లు కావాలన్నా అదే. ఫ్యాను ఆపమన్నా అదే. కోపం వస్తే ఆ ఒక్క మాటనే గట్టిగా, మళ్లీ మళ్లీ అనేవారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున కాలేజీకి తయారై, చొక్కా చేతులు మడుచుకుంటూ మెట్ల దగ్గర కుడివైపుకి ఒరిగిపోయారు. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు. కుడి చెయ్యి, కుడి కాలు సగం పోయాయి. మాట మాత్రం ఆ ఒక్కటి తప్ప పూర్తిగా పోయింది.

"మీరు చెప్పేది ఆయనకు అర్థమవుతుంది. లోపల చాలావరకు అన్నీ ఉన్నాయి. బయటికి తెచ్చే దారి దెబ్బతింది," అని డాక్టరమ్మ చెప్పింది. ఆ దారి మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుందని అడిగితే, "కొందరికి తెరుచుకుంటుందమ్మా, కొంచెం కొంచెంగా," అంది.

మాట పోతే ఎవరికైనా కష్టమే. ఆయనకు మాటే పని. దేవదానం సార్ అంటే మా వైపు ఇంటర్ కెమిస్ట్రీ చదివిన పిల్లల్లో తెలియనివాళ్లు తక్కువ. ఒకే ప్రైవేటు కాలేజీలో తల నెరిసేదాకా చెప్పారు. గొంతు ఎంత పెద్దదంటే, చర్చిలో ఆయన బైబిలు చదవడానికి లేస్తే మైకు దగ్గరుండే కుర్రాడు సౌండు తగ్గించేవాడు.

నా పేరు జయశీల. నేను చదివింది పదో తరగతి. బీరంగూడలో మాది రెండు గదుల ఇల్లు, ముందు వసారా. వసారా గోడకు నల్లరంగు వేయించి ఆయన బోర్డు చేసుకున్నారు. సాయంత్రాలు అక్కడ ట్యూషన్ నడిచేది. నేను వంటింట్లో తాలింపు వేస్తూ వినేదాన్ని. "ఎన్ని?" అని ఆయన గద్దించడం, "ఆరు సార్" అని పిల్లలు అరవడం. ఏమిటా ఆరు అని నేనెప్పుడూ అడగలేదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా మధ్య కెమిస్ట్రీ అన్న మాటే రాలేదు. ఎవరి పని వాళ్లది అన్నట్టు ఉండేది.

కాలేజీ ప్రిన్సిపాల్ శివశంకర్ గారు ఆస్పత్రికి వచ్చి చూసి వెళ్లారు. "తొందరేం లేదమ్మా. జూన్‌లో కాలేజీ తెరుస్తాం కదా, అప్పటికి చూద్దాం," అన్నారు. మా ఆయన మంచం మీద నుంచి ఆ మాట విన్నారు. ఇంటికొచ్చాక నేను క్యాలెండర్ తెచ్చి మంచానికి ఎదురుగా తగిలించేదాకా ఊరుకోలేదు. ఏప్రిల్ కాగితం కూడా తనే ఎడమ చేత్తో తిప్పారు.

*

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో రవళి వచ్చింది. కిష్టారెడ్డిపేట పిల్ల, సర్కారు కాలేజీలో మొదటి సంవత్సరం. సన్నగా, ఎండకు కమిలిన మొహంతో గేటు దగ్గరే నిలబడింది.

"సార్ ఉన్నరా ఆంటీ? సప్లీకి మంచిగ చెప్తరని మా దోస్తు చెప్పింది."

"సార్‌కు పానం బాగలేదు బిడ్డా. మాట వస్తలేదు. ఇప్పుడు ట్యూషన్ లేదు."

"అయ్యో," అంది. వెళ్లలేదు. "కెమిస్ట్రీ ఒక్కటే పోయింది ఆంటీ. మే ఆఖరుకు పరీక్ష. ఈసారి గూడ పోతే మా అమ్మ ఇగ కంపెనీల ప్యాకింగ్ పనికి పెడ్తనంటున్నది. సూపర్‌వైజర్‌తోని మాట్లాడి పెట్టింది గూడ."

అమీన్‌పూర్‌లో ఇంకో సార్ ఉన్నాడని చెప్పబోతున్నాను. లోపలినుంచి "అదే, అదే" అని వినిపించింది. చూస్తే ఆయన గడప పట్టుకుని నిలబడి ఉన్నారు. మంచం దిగి తనంతట తను అక్కడిదాకా నడిచి రావడం అదే మొదటిసారి.

కాలు ఈడ్చుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్లారు. సుద్దముక్క ఎడమ చేత్తో పట్టుకున్నారు. వంకరగా, కోడిగుడ్డులాగా ఒక O రాశారు. అటో H, ఇటో H. వాటి మధ్య రెండేసి చుక్కలు, O పైన రెండు, కింద రెండు.

"వాటర్, సార్," అంది రవళి.

ఆయన తలూపారు. ఆ చుక్కలు ఎన్ని వచ్చాయో, ఎందుకు వచ్చాయో చెప్పబోయారు. సుద్దతో O మీద కొట్టి వేళ్లు చూపించారు, ముందు అయిదు, తర్వాత ఒకటి. పిల్లకు అర్థం కాలేదు. "అయిదా సార్? ఒకటా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్లీ చూపించారు. "అదే, అదే, అదే." మొహం ఎర్రబడింది. చేతిలో సుద్ద విరిగింది.

రవళి నా వెనక్కి జరిగింది. "సార్ కోపానికొచ్చిర్రా ఆంటీ?"

"నీ మీద గాదు బిడ్డా," అన్నాను. ఆయన గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నారు. ఆ వీపు చూసి నా నోటినుంచి వచ్చేసింది. "రేపు సాయంత్రం రా."

*

మర్నాడు మా అబ్బాయి చార్లీ డ్యూటీకి వెళ్లాక బోర్డు ముందు ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టుల పని చేస్తాడు. ఇంట్లో మేమిద్దరమే.

"ముందుగాల నాకు చెప్పుండ్రి," అన్నాను. "నాకు సమజైతే నేను ఆ పిల్లకు చెప్త."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. తెలివి లేని మాట అన్నప్పుడు పిల్లల్ని చూసే చూపు. తర్వాత మొహం తిప్పుకున్నారు. నేను లేవలేదు. ఒడిలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. కాసేపటికి సుద్ద గోడ మీద గీసిన చప్పుడు వినిపించింది.

అలా మొదలైంది. ఆయన అక్షరం రాసి పుస్తకంలోని పట్టిక మీద వేలు పెట్టేవారు. నేను పైకి చదివేదాన్ని. ప్రతి మూలకానికి అన్నిటికంటే బయట ఉండే ఎలక్ట్రాన్లు కొన్ని ఉంటాయి. ఇంకోదానితో కలవడానికైనా, విడిపోవడానికైనా పనికొచ్చేవి అవే. హైడ్రోజన్‌కు ఒకటి, కార్బన్‌కు నాలుగు, నైట్రోజన్‌కు అయిదు, ఆక్సిజన్‌కు ఆరు. వాటినే చుక్కలుగా పెడతారు. ముందు మొత్తం ఎన్నో కూడుకోవాలి. బొమ్మ గీశాక మళ్లీ లెక్క పెడితే అన్నే ఉండాలి. ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా బొమ్మ తప్పు. నేను సరిగా చెబితే ఆయన తలూపేవారు, తప్పు చెబితే నా కుర్చీ చెయ్యి మీద వేలి కణుపుతో కొట్టేవారు. మొదటి రోజంతా కొడుతూనే ఉన్నారు.

అమ్మోనియా దగ్గర నాకో అనుమానం వచ్చింది. నైట్రోజన్‌కు అయిదు, మూడు హైడ్రోజన్లకు మూడు, మొత్తం ఎనిమిది. మూడు బంధాలకు ఆరు పోయాయి. ఇంకో రెండు నైట్రోజన్ నెత్తిమీద మిగిలాయి.

"వీటినేమంటరు?"

ఆయన ఎడమ చేత్తో పేజీలు తిప్పి వేలు పెట్టారు. 'ఒంటరి జంట' అని ఉంది.

నాకు నవ్వొచ్చింది. "జంట అయితే ఒంటరి ఎట్లయితది? ఒంటరి అయితే జంట ఎట్లయితది?"

ఆయన కూడా పుస్తకం వైపు చూశారు, ఇన్నేళ్లూ ఆ మాటను తనెప్పుడూ అలా చదవనట్టు. పెదవి ఎడమ కొస లేచింది. ఫిబ్రవరి తర్వాత నవ్వడం అదే మొదటిసారి. సుద్ద తీసుకుని నైట్రోజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య ఉన్న చుక్కల చుట్టూ గీత గీశారు. ఇవి ఇద్దరివి. తర్వాత నెత్తిమీది రెండు చుక్కలు చూపించి చెయ్యి గాల్లో తిప్పారు. వీటికి ఇంకెవరితో పొత్తు లేదు.

"అదే," అన్నారు.

"అదేనా," అన్నాను.

సాయంత్రం రవళికి చెప్పడం నా వంతయింది. ఆదివారం బడిలో చిన్నపిల్లలకు కథలు చెప్పడం తప్ప నాకు వేరే అలవాటు లేదు. మిగతావాటి చుట్టూ ఎనిమిదేసి నిండాలంటే హైడ్రోజన్‌కు ఎనిమిది ఎందుకు ఉండవని ఆ పిల్ల అడిగింది. పుస్తకంలో మాట నాకు నోరు తిరగలేదు.

"చూడు, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ షేర్ ఆటోల లెక్క. ఎనిమిది మంది నిండితె గాని కదలవు. హైడ్రోజన్ టూవీలర్. ఇద్దరే," అన్నాను.

వెనకనుంచి టక్ మని కుర్చీ మీద దెబ్బ పడింది. ఆగిపోయాను. ఆయన కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నారు. కాసేపటికి చెయ్యి ఊపారు, కానీ కానీ అన్నట్టు. రవళి ఒక్క క్షణం నోరు తెరిచి, "ఇప్పుడు సమజైంది ఆంటీ," అంది. మరుసటి వారం ఇద్దరు స్నేహితుల్ని తీసుకొచ్చింది. తర్వాత ఇంకొందరు వచ్చారు. ఆయన గీసేవారు, నేను మాట్లాడేదాన్ని. నేను తడబడితే సుద్దతో చూపించేవారు. ఆయన అలసిపోతే నేనే కుర్చీ దగ్గరికి జరిపేదాన్ని.

*

చార్లీకి ఇది నచ్చలేదు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి వసారాలో పిల్లలు ఉన్నారు. వాళ్ల నాన్న లుంగీ నిండా సుద్దపొడితో, గోడకు భుజం ఆనించి నిలబడి, చెమటలు కక్కుతూ గీస్తున్నారు. వాడు నేరుగా లోపలికి వెళ్లాడు. పిల్లలు వెళ్లాక అన్నానికి వంటింట్లోకి వచ్చాడు.

"మమ్మీ, గిదేంది? డాడీ గోడ వట్టుకొని నిలబడుడు, ఆ పోరలు మొఖాలు మొఖాలు సూసుకునుడు. నాకైతే మంచిగనిపిస్తలేదు."

"ఎవరు నవ్వుతలేరు కద చార్లీ."

"నవ్వితె నీ ముంగట నవ్వుతరా? డాడీ ఎట్లుండె. క్లాసుల అడుగువెడితె ఊపిరి గూడ గట్టిగ తీసెటోళ్లు గాదు. ఇప్పుడు అందరు గిట్ల సూసుడు అవసరమా? నేను సంపాయిస్త లేనా?"

"పైసల కోసం గాదు బిడ్డా."

"మరి? జూన్ల కాలేజీకి పోతడనా?" వాడి గొంతు తగ్గింది. "నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?"

నేను చెయ్యెత్తి ఆపాను. తలుపు అవతల మంచం కిర్రుమంది. తొంగి చూస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చార్లీ పళ్లెంలో చేయి కడిగేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ వారంలోనే శివశంకర్ గారు ఫోన్ చేశారు. మా వసారా సంగతి ఎవరో పిల్లల ద్వారా విన్నారట. "సార్ బోర్డు మీద రాస్తే, పక్కన మాట్లాడటానికి ఒకరిని పెట్టుకోవచ్చమ్మా. మేనేజ్‌మెంట్‌తో నేను మాట్లాడతాను. ముందు ఒకసారి నేనొచ్చి క్లాసు చూస్తాను. శనివారం సాయంత్రం వీలేనా?" అన్నారు.

ఫోను స్పీకర్‌లో పెట్టే ఉంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే క్యాలెండర్‌లో శనివారం వెతుకుతున్నారు.

*

ఆ శనివారం చార్లీయే నాన్నకు గడ్డం గీశాడు. వాడికి నచ్చకపోయినా పనిలో మాత్రం లోటు చేయలేదు. ఇస్త్రీ చొక్కా తొడిగి, కుడి చేతిని మెల్లగా చొక్కా చేతిలోంచి లాగి, గుండీలు పెట్టాడు. "టైట్ అయితె చెప్పు డాడీ," అన్నాడు. తర్వాత వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు.

శివశంకర్ గారు ప్లాస్టిక్ కుర్చీలో చివరన కూర్చున్నారు. ఆయన కూడా ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పినవారే. నేను ఇచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది. ముందు వరసలో రవళి, పక్కన మిగతా పిల్లలు.

మా ఆయన బాగా మొదలుపెట్టారు. కార్బన్ డయాక్సైడ్ గీశారు. నాలుగు, రెండు ఆక్సిజన్లకు పన్నెండు, మొత్తం పదహారు. అటో ద్విబంధం, ఇటో ద్విబంధం. నేను చెప్పాను, పిల్లలు అప్పజెప్పారు. అమ్మోనియం గీశారు. ప్లస్ ఉంటే ఒకటి తీసెయ్యాలని నేను చెప్పకముందే రవళి చెప్పింది. శివశంకర్ గారు ముందుకు వంగి కూర్చున్నారు. ఆయన మొహంలో సంతోషం కనిపించింది.

"నైట్రేట్ కూడా చేద్దామా సార్? పరీక్షలో తరచు అడుగుతున్నారు," అన్నారు.

మా ఆయన తలూపారు, ఇదొక లెక్కా అన్నట్టు.

"నైట్రోజన్‌కు అయిదు," అన్నాను. "ఆక్సిజన్‌కు ఆరు. మూడు ఆక్సిజన్లు గద, మూడారులు పద్దెనిమిది. మైనస్ ఉన్నది, అంటే బయటినుంచి ఒకటి వచ్చి చేరింది. మొత్తం ఇరవై నాలుగు."

ఆయన పైన 24 అని రాశారు. మధ్యలో N, చుట్టూ మూడు O లు, మూడు గీతలు. గీత అంటే రెండు ఎలక్ట్రాన్లు. ఒక్కో ఆక్సిజన్ చుట్టూ ఆరేసి చుక్కలు పెట్టారు. అప్పటికి ఇరవై నాలుగూ అయిపోయాయి. కానీ నైట్రోజన్ చుట్టూ ఆరే ఉన్నాయి. దాని ఆటో నిండలేదు. ఇక్కడ ఏం చేయాలో నాకు ఆయనే నేర్పారు. ఒక ఆక్సిజన్ దగ్గరున్న జంటను చెరిపి, దాన్ని మధ్యలోకి తెచ్చి రెండో గీతగా గీయాలి.

ఆయన రెండో గీత గీశారు. చుక్కలు చెరపలేదు. బొమ్మ చుట్టూ బ్రాకెట్ పెట్టి, పైన మైనస్ పెట్టి, సుద్ద దించారు.

చెరుపుతారేమోనని ఆగాను. ఆయన నా వైపు చూశారు, చెప్పు అన్నట్టు. నేను కళ్లతోనే లెక్కపెట్టాను. నాలుగు గీతలకు ఎనిమిది. చుక్కలు పద్దెనిమిది. ఇరవై ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. అన్నే. ముందు వరసలో రవళి పెదవులు కదులుతున్నాయి. ఆగాయి. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. శివశంకర్ గారు మజ్జిగ గ్లాసులోకి చూసుకుంటున్నారు.

నాకు ఇంకేమీ తోచలేదు.

"పిల్లలూ, సార్ కావాలని ఒక తప్పు వెట్టిర్రు. ఏడున్నదో దొరకబట్టుండ్రి," అన్నాను.

రవళి వెంటనే అందుకుంది. "రెండు చుక్కలు ఎక్కువున్నయి ఆంటీ. డబుల్ బాండ్ అయినంక ఆ కుడిపక్క ఆక్సిజన్‌కు నాలుగే ఉండాలె."

"భేష్," అన్నారు శివశంకర్ గారు, ఊపిరి వదిలి. పిల్లలు నవ్వారు. అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేను చెరపడానికి చెయ్యి చాపాను.

మా ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

బోర్డు వైపు తిరిగి చుక్కల మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒక ఆక్సిజన్ దాకా వేలు సరిగానే వెళ్లింది. రెండోదాని దగ్గర ఆగింది. మళ్లీ మొదటికి వచ్చారు. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి వేలు గాల్లోనే ఉండిపోయింది. వీధిలో ఎవరి ఇంటికో వచ్చిన నీళ్ల ట్యాంకర్ పైపు చప్పుడు వినిపిస్తోంది.

ఆయన శివశంకర్ గారి వైపు తిరిగారు. తల అడ్డంగా ఊపారు.

"అదే," అన్నారు. అది కాదన్నట్టు మళ్లీ తలూపారు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు దగ్గరికి తెచ్చి, విడదీసి, మళ్లీ తెచ్చి, "త... తప్పు," అన్నారు.

గేటు దగ్గర చార్లీ రెండడుగులు లోపలికి వచ్చాడు.

ఆయన ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. "నాది."

తర్వాత సుద్ద నా చేతిలో పెట్టి, నేను రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని, బోర్డు వైపు గడ్డం ఆడించారు. కానియ్యి అన్నట్టు. నేను వేలితో ఆ రెండు చుక్కలు చెరిపాను. మొదటినుంచి పైకి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. "ఈ డబుల్ బాండ్ ఈ ఆక్సిజన్‌కే ఉండాలని లేదు, మూడింట్ల దేనికన్న పెట్టొచ్చు," అని ఇంకో రెండు బొమ్మలు గీశాను. గీస్తున్నంతసేపూ వెనకనుంచి కుర్చీ మీద దెబ్బ పడుతుందేమోనని చెవి అటే పెట్టాను. పడలేదు.

శివశంకర్ గారు గేటు దాకా వచ్చి ఆగారు.

"నేను సార్‌ని తీసుకుపోలేనమ్మా. పిల్లల పరీక్షల సంగతి. మీకు తెలుసు."

"తెలుసు సార్."

"ఆయన అలా అనకపోయి ఉంటే," అని ఆగారు. "నేను చూడనట్టే ఉందామనుకున్నాను. మీరు సర్దిన తీరు కూడా బాగుంది. మేనేజ్‌మెంట్‌కు బాగుందనే చెప్పేవాణ్ణి."

ఆయన కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. లోపలికి వచ్చాక నాకు కోపం వచ్చింది.

"నేను సంభాళించిన గద. ఎందుకు చెప్పిర్రు? ఎవరడిగిర్రు మిమ్ముల?"

ఆయన నా వైపు చూశారు. "తప్పు," అన్నారు మెల్లగా. మళ్లీ అన్నారు, కొంచెం తేలికగా. "తప్పు. తప్పు." ఆ మాట ఇంకా ఉందో పోయిందో చూసుకుంటున్నట్టు అంటూనే ఉన్నారు. మూడు నెలల తర్వాత దొరికిన మాట. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చార్లీ వాళ్ల నాన్న కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆ పూట ఇద్దరికీ అక్కడే అన్నం పెట్టాను.

*

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక చార్లీ బీరంగూడ కమాన్ దగ్గరికి వెళ్లి నల్లరంగు డబ్బా, బ్రష్షు తెచ్చాడు. వసారా గోడ మీద బోర్డు కింది అంచు నడుము ఎత్తులో ఉండేది. అక్కడినుంచి మోకాలి ఎత్తు దాకా గీకి, తుడిచి, రంగు వేశాడు.

"కూసొని రాయొచ్చు డాడీ," అన్నాడు. "నిలబడుడు ఎందుకు."

వాళ్ల నాన్న రంగు ఆరేదాకా ఆగలేదు. వేలికి అంటించుకున్నారు.

కాలేజీకి వెళ్లే మాట ఇంట్లో మళ్లీ ఎవరమూ ఎత్తలేదు. ఆయనకు బాధ లేదని నేను చెప్పను. జూన్ మొదటి తేదీ పొద్దున కాలేజీ బస్సు హారన్ వినిపిస్తే కిటికీ దగ్గరికి వెళ్లి, అది వెళ్లిపోయాక కూడా చాలాసేపు నిలబడ్డారు. నేను టీ పెట్టి పిలిచాను. వచ్చి తాగారు. అంతే.

రవళి పరీక్ష పాసైంది. వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె కంపెనీ యూనిఫాం కోటు మడిచి చంకలో పెట్టుకుని, డ్యూటీకి పోతూ దారిలో ఆగింది. "సూపర్‌వైజర్‌కు చెప్పిన సార్, నా బిడ్డ రాదు, ఇంకెవర్నన్న సూసుకో అని," అంది. ఆయన తలూపారు. "సెకండియర్‌కు గూడ ఈడికే వస్త," అంది రవళి. ఎవరి దగ్గరికో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిజానికి నాకు భయం వేసింది. సప్లీకి వచ్చే నాలుగు పాఠాలు వేరు, ఏడాది చదువు వేరు. పొద్దున వంట తొందరగా ముగించి బోర్డు ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. రాబోయే పాఠం ముందు నాకు అయ్యేది, సాయంత్రం పిల్లలకు అయ్యేది. లెక్కలు వస్తే ఆయనకు వేలు తప్పుతుంది. బొమ్మలు మాత్రం ఎక్కడో చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందుకని బొమ్మ ఆయనది, లెక్క నాది అని పంచుకున్నాం. ఇద్దరికీ కుదరని రోజున తల పట్టుకుని కూర్చుంటాం. చార్లీ డ్యూటీ నుంచి వచ్చి, "ఏంది, ఇయ్యాల మాస్టర్లిద్దరు ఫెయిలా?" అని నవ్వుతాడు.

జూలైలో వానలు పడ్డాక ఆదివారం మధ్యాహ్నాలు ఇంకో బ్యాచ్ మొదలైంది. కంపెనీల్లో పని చేస్తూ ఓపెన్ ఇంటర్ కట్టినవాళ్లు. ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లలో సంగమ్మ అని ఒకామె ఉంది, నా కంటే పదేళ్లు చిన్న, కంపెనీ క్యాంటీన్‌లో పని. కూతురు చదువు అయిపోయిందట, ఇప్పుడు తను చదువుతోంది. తడిసిన గొడుగు మూలన పెట్టి, చీర కుచ్చిళ్లు పిండుకుని వచ్చి కూర్చుంది. మొదటి రోజు కదా, నన్నూ బోర్డునూ కుర్చీలో ఉన్న ఆయననూ కాసేపు చూసింది.

నేను మీథేన్ గీసి పక్కకు తిరిగేసరికి చెయ్యెత్తింది.

"మేడం, ఒకటడగాలె. ఇదంత మీరు ఏడ సదివిర్రు?"

మేడం అని నన్నెవరూ అంతకుముందు పిలవలేదు. ఆ మాటకు తడబడ్డాను. పదో తరగతి అని చెప్పాలా, చెబితే వీళ్లు వచ్చే ఆదివారం వస్తారా అని ఆలోచిస్తున్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు.

కుర్చీలో ఆయన గొంతు సవరించుకున్నారు. అప్పటికి ఆయన దగ్గర గుప్పెడు మాటలు చేరాయి, కానీ కావలసినప్పుడు చేతికి రావు. వెతుక్కోవడానికి సమయం పడుతుంది. మా పిల్లలకు అది అలవాటే. కొత్తవాళ్లు కూడా ఎందుకో ఆగారు. రేకుల మీద వాన పడుతోంది. ఆయన పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి.

"నా..." అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "నా దగ్గర."

సంగమ్మకు అది మామూలు జవాబే. "గట్లనా సార్," అని తలూపి, పెన్ను మూత తీసింది.